రాబోయే పంటకు ముందే డబ్బు: కూరల బుట్ట బేరం ధర్మసమ్మతమేనా?

ఊరి దగ్గరి తోటవాడికి మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టేయడం, అతను వారానికొకసారి ఆ రుతువులో పండిన కూరలూ పండ్లూ ఒక బుట్టలో సర్ది ఇంటికి చేర్చడం. నగరాల్లో ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు కుటుంబాలు కూడా దీన్ని గురించి మమ్మల్ని అడుగుతున్నాయి. అందరి ప్రశ్నా ఒక్కటే: ఇంకా మొలకెత్తని బెండకాయకు ఈ రోజే డబ్బు ఇవ్వడం జాయిజేనా? కొందరు సోదరులు దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేస్తున్నారు. చేతిలో లేని సరుకు అమ్మరాదని హదీసు ఉంది కనుక ఇది హరామ్ అని ఒకరు. రైతుకు సాయం చేసినట్టవుతుంది, ఇందులో తప్పేముంది అని ఇంకొకరు. మా ఉద్దేశంలో ఇద్దరూ తొందరపడ్డారు.

దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) మక్కా నుండి మదీనాకు వలస వచ్చేసరికి అక్కడి ఖర్జూర తోటల వారు ఒకటి రెండేళ్ల ముందే పండ్లకు డబ్బు తీసుకునే అలవాటులో ఉన్నారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ ఉంది. మహాప్రవక్త (స) ఆ అలవాటును కొట్టివేయలేదు. కొలత తెలిసి ఉండాలి, తూకం తెలిసి ఉండాలి, గడువు తెలిసి ఉండాలి అని షరతులు పెట్టారు. ఫిఖహ్ గ్రంథాలు దీనినే బైఎ సలమ్ అంటాయి. లేని సరుకు అమ్మరాదన్న సాధారణ నియమానికి ఇది షరీఅతే ఇచ్చిన మినహాయింపు. అప్పు రాసుకోమని చెప్పే సూరె బఖరాలోని 282వ ఆయతు ఈ సలమ్ బేరానికి కూడా వర్తిస్తుందని ఇబ్నె అబ్బాసే (రజి) చెప్పేవారు.

మినహాయింపు ఎందుకిచ్చారో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మన కోనసీమ రైతును చూస్తే చాలు. అతనికి డబ్బు కావలసింది పంట చేతికొచ్చాక కాదు, విత్తే ముందు. ఆ డబ్బు ఎక్కడి నుండి వస్తుంది? సొంత భూమి ఉన్నవాడికి బ్యాంకు ఉంది. కౌలు రైతుకు అది కూడా గగనమే. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు పొందాలన్నా భూయజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. ఆ సంతకం దొరకక ఊరుకున్నవారు ఎందరో. ఇక మిగిలింది షావుకారు. అతని దగ్గర పెట్టుబడి తీసుకుంటే పైన వడ్డీ, ఆపైన పంట అతని కాటా మీదకే పోవాలి, ధర కూడా అతను చెప్పిందే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించి దేశమంతటినీ తమ వైపు తిప్పుకున్నారు. ధర గిట్టుబాటు కాకపోవడం, మురుగు కాలువలు బాగుచేయకపోవడం, కూలి ఖర్చులు పెరగడం వారు చెప్పిన కారణాలు. 2022లోనూ ఆ మాట మళ్లీ వినిపించింది. వడ్డీ లేని పెట్టుబడి ఆ చిక్కులన్నిటినీ తీర్చదు. కాని తినేవాడు విత్తే నాటికే నాలుగు డబ్బులు చేతిలో పెడితే రైతు షావుకారు గుమ్మం ఎక్కే అవసరం అంతమేరకు తగ్గుతుంది. వడ్డీని నిషేధించిన షరీఅతే సలమ్‌కు తలుపు తెరిచి ఉంచింది. ఈ రెంటినీ కలిపి చదవాలని మేము విద్యార్థులకు చెబుతుంటాం.

ఇతర దేశాల వారు కూడా వేరే దారిన ఇక్కడికే చేరారు. జపాన్‌లో 1970ల మొదట్లో, పురుగుమందుల భయంతో గృహిణులు కొందరు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అక్కడ దాన్ని తెయికెయి అంటారు. అమెరికాలో 1986లో రెండు తోటలు, ఒకటి మసాచుసెట్స్‌లో, మరొకటి న్యూహాంప్‌షైర్‌లో, ఈ తరహా చందాలు మొదలుపెట్టాయి. సీజను మొదట్లో చందా కట్టినవారికి సీజనంతా బుట్ట వస్తుంది. పంట పోతే చందాదారులూ నష్టం భరించాలి. మన రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు దళారీని కొంత తప్పించాయి గాని, అక్కడ రైతుకు డబ్బు పంట వచ్చాకే. విత్తే నాటి అవసరం అలాగే ఉండిపోయింది.

ఇంతవరకు వినడానికి బాగానే ఉంది. చిక్కు ఇక్కడి నుండి మొదలవుతుంది.

బుట్ట పథకం గొప్పతనమంతా ఒకే తోటతో సంబంధంలో ఉంది. ఫలానా లంకలో ఫలానా ఆయన రెండెకరాల్లో పండించిన కూరలే మన ఇంటికి వస్తాయి. సరిగ్గా ఇదే విషయంలో మన ఫుఖహా హెచ్చరించారు. 12వ శతాబ్దపు మర్గీనానీ (రహ్మ) రాసిన, మన దేశపు మదర్సాల్లో నేటికీ పాఠం చెప్పే హిదాయా ప్రకారం, ఫలానా చెట్టు పండ్లకు గాని, ఫలానా చిన్న ఊరి ధాన్యానికి గాని సలమ్ చెల్లదు. ఆ చెట్టు కాయకపోవచ్చు, ఆ ఊరి పంట పోవచ్చు, అప్పుడు అమ్మినవాడు ఏమిస్తాడు? ఇది పుస్తకాల్లోని ఊహ కాదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మదీనా సంగతి చెబుతూ, జనం పండ్లు ముందే అమ్ముకుని, తీరా కోతలప్పుడు కొన్నవాళ్లు కుళ్లు పట్టిందనీ, తెగులు సోకిందనీ, పిందెలు రాలిపోయాయనీ తగవులు పడేవారనీ, అవి ఎక్కువైపోయాకే పండు పక్వానికి వచ్చినట్టు కనబడేవరకూ అమ్ముకోవద్దని మహాప్రవక్త (స) సలహా ఇచ్చారనీ తెలిపారు. చదువుతుంటే మన అంబాజీపేట కొబ్బరి వర్తకుల పంచాయతీ విన్నట్టే ఉంటుంది.

1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకు కోనసీమలో నేలకొరిగిన కొబ్బరి చెట్లను చూసినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. నాటు కొబ్బరి మళ్లీ పెట్టి కాపు చూడాలంటే ఆరేడు ఏళ్లు. ఆ ఏడాది ఎవరైనా ఒక తోట కాయలకు రెండేళ్ల డబ్బు ముందే ఇచ్చి ఉంటే? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. లంకల్లోని అరటి, కూరగాయలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మన బుట్టలు ఎక్కువగా నిండేది ఆ లంక కూరలతోనే. కొబ్బరికి తెల్లదోమ బెడద వేరే ఉంది. కనుక ఫలానా తోట కూరలే అన్న షరతు బేరంలో పెట్టకూడదు. సరుకు గుణం చెప్పాలి, తోట పేరు కాదు. తన తోటలో వంకాయ పోతే పక్క రైతు దగ్గర కొనైనా ఇచ్చే బాధ్యత అమ్మినవాడిది. వాడుకగా అతను తన తోటవే ఇస్తూ ఉంటే అభ్యంతరం లేదు.

రెండో చిక్కు, బుట్టలో ఏముందో తెలియకపోవడం. పండింది పంపుతాం, ఎదురు చూడండి అనడం పట్నం వారికి సరదాగా ఉంటుందేమో గాని, షరీఅత్ దీన్ని ఘరర్ అంటుంది, అంటే తెలియనితనంతో కూడిన బేరం. హిదాయా ఎంత సూక్ష్మంగా పోతుందో చూడండి: పచ్చిగడ్డిని మోపుల లెక్కన, కట్టెలను కట్టల లెక్కన సలమ్ చేయరాదు. మోపుకూ మోపుకూ తేడా ఉంటుంది కదా! కట్టిన తాడు పొడవు ముందే తెలిస్తే మాత్రం చెల్లుతుంది. మన తోటకూర కట్ట సంగతి అచ్చంగా ఇదే. ఆషాఢంలో పిడికెడు లావున వచ్చిన కట్ట, ఎండాకాలంలో రెండు వేళ్ల లావుకు దిగిపోతుంది. రూపాయి మాత్రం అదే. కనుక ఆకుకూరను కట్టలతో కాక తూకంతో రాసుకోండి. కోడిగుడ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక లెక్కపెట్టి ఇవ్వవచ్చని ఫుఖహా అన్నారు. దానిమ్మ, పుచ్చ వంటివి చిన్నా పెద్దా తేడా ఎక్కువ కనుక లెక్కన కుదరదన్నారు. మన ఆనపకాయ, పనసకాయ ఆ రెండో జట్టులోవి. (ఆనపకాయ అంటే మహాప్రవక్తకు (స) ప్రీతి అని, గిన్నెలో దాని ముక్కలు వెతుక్కుని తిన్నారని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన సంగతి మన ఇళ్లలో దాల్చా వండినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.) కొబ్బరికాయ ఈ రెంటికీ మధ్యలో ఉంది. వర్తకులు వెయ్యి కాయల లెక్కన కొంటారు గాని, సైజు వేరు చేయకుండా ధర కట్టరు. సైజు చెప్పి లెక్కపెట్టుకుంటే తగవు రాదని మా ఉద్దేశం.

సలమ్‌లో ఇంకా కొన్ని బిగింపులున్నాయి. ధర మొత్తం బేరం కుదిరిన చోటే, లేచిపోక ముందే చెల్లించాలి. నెల నెలా కడతామంటే అది సలమ్ కాదు. హనఫీ ఫిఖహ్‌లో ఫత్వా ప్రకారం కనీస గడువు నెల. ఇది రైతు లెక్కకూ సరిపోయేదే. బెండ విత్తిన 45, 50 రోజులకు గాని మొదటి కోతకు రాదు. గడువు కోతలప్పుడు అని గాలిలో వదలకూడదు, తేదీ వేయాలి. బీరకాయ లేదు, దొండకాయ తీసుకోండి అని సరుకు మార్చడం కూడా హనఫీల వద్ద సలమ్‌లో కుదరదు. చెప్పిన సరుకు ఇవ్వలేకపోతే కొన్నవాడు ఆగాలి, లేదా ఇచ్చిన అసలు తిరిగి తీసుకోవాలి, అంతకు పైసా ఎక్కువ కాదు. ఆలస్యానికి జరిమానా అన్న మాటే లేదు. డబ్బిచ్చిన నాటి నుండి అందే నాటి వరకు ఆ సరుకు బజారులో దొరుకుతూ ఉండాలని కూడా హనఫీల షరతు. అంటే కార్తీకంలో మామిడిపండుకు సలమ్ చేయడం కష్టం. తక్కిన ముగ్గురు ఇమాముల దృష్టిలో అందించే నాటికి దొరికితే చాలు. అవసరం దృష్ట్యా మన ఉలమాలలో కొందరు ఆ అభిప్రాయం తీసుకున్నారు. ఇటువంటి చోట మీ ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నడుచుకోండి.

ఈ షరతులన్నీ చదివి, వారం వారం కూరల బుట్టకు సలమ్ అతకదని మీకు అనిపిస్తే, మాకూ అలాగే అనిపిస్తోంది. సలమ్‌కు తగినది ధాన్యం. పెద్ద కుటుంబాల్లో ఏడాది బియ్యం తెలిసిన రైతు దగ్గర ఒకేసారి వేసుకోవడం మన వైపు పాత అలవాటే. దాన్నే నాట్ల నాటికి జరపండి. జూలైలో పూర్తి డబ్బు ఇచ్చి, 'ఎంటీయూ 7029 స్వర్ణ రకం ధాన్యం, తేమ 17 శాతం మించకుండా, 75 కిలోల బస్తాలు పది, ఫలానా తేదీకి మా ఇంటి దగ్గర దింపాలి' అని రాసుకుంటే మార్కెట్ ధర కంటే కొంత తక్కువకే రైతు ఇస్తాడు. ఆ తగ్గింపు హలాల్. అతనికి నాట్ల కూలీ సొమ్ము వడ్డీ లేకుండా అందింది. కొబ్బరికాయలకూ ఇలా చేసుకోవచ్చు.

కూరలకు మరో దారి ఉంది. మదర్సా భాషలో దాన్ని ఇస్తిజ్రార్ అంటారు, అంటే ఒకే దుకాణంలో అప్పుడప్పుడూ తెచ్చుకుంటూ లెక్క చూసుకోవడం. ముందుగా ఇచ్చిన డబ్బు తోటవాడి దగ్గర మీ అప్పుగా ఉంటుంది. శుక్రవారం బుట్ట మీ గుమ్మంలో దిగినప్పుడు, అందులో ఉన్నవి చూసి, ఆ రోజు ధరకు ఆ బేరం ఆ పూటకు తెగుతుంది. అంతమేరకు అప్పు తీరుతుంది. ఇందులో ఏ కూర వచ్చినా చిక్కు లేదు. వర్షాలకు బచ్చలి, పొట్ల, బీర, చలికాలానికి చిక్కుడు, వంకాయ, వేసవిలో పనస, మామిడి, ఎప్పుడూ ఉండే కంద, బొంత అరటి, అరటి దూట, ఏది పండితే అది. చూసి నచ్చకపోతే వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది, ఇదే ఖియారె రూయత్. అయితే ఒక జాగ్రత్త. ముందే కట్టాను గనుక కిలోకు రెండు రూపాయలు తగ్గించు అని ఇక్కడ షరతు పెట్టరాదు. ఇది అప్పు, అప్పు మీద షరతుగా వచ్చే లాభం వడ్డీయే. సలమ్‌లో హలాల్ అయిన తగ్గింపు ఇక్కడ హరామ్ అవుతుంది. పథకాలు పెట్టేవారు ముందు కడితే పది శాతం తక్కువ అని కరపత్రం వేసే ముందు ఇది గమనించాలి.

ఇక పంట పోయిన వారం సంగతి. విదేశీ పద్ధతిలో చందా తిరిగి ఇవ్వరు. నష్టం పంచుకోవడమే అందులోని ఆదర్శమని వాళ్లంటారు. ఆదర్శం మంచిదే. కాని అమ్మకం అని పేరు పెట్టి సరుకు ఇవ్వకుండా సొమ్ము ఉంచుకోవడం మాకు సమ్మతం కాదు. అల్లాహ్ పండు పండనివ్వకపోతే నీ సోదరుడి సొమ్ము దేనికి బదులుగా తీసుకుంటావని మహాప్రవక్త (స) అడిగినట్టు హదీసు ఉంది. ఆపద వల్ల పంట పోతే ఆ మేరకు ధర తగ్గించమని ఆజ్ఞాపించినట్టు హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. కనుక డబ్బు తిరిగి రావడం కొన్నవాడి హక్కు. వరదలో మునిగిన రైతుకు దాన్ని మాఫీ చేయడం కొన్నవాడి ఔదార్యం. ఔదార్యాన్ని ముందే షరతుగా రాసుకోవడం ఉండదు. నిజంగానే నష్టం పంచుకోదలచినవారు కొనుగోలుదార్లుగా కాక భాగస్వాములుగా రావాలి. హిజ్రీ 7లో ఖైబర్ తోటలను అక్కడి యూదులకే సాగుకిచ్చి పంటలో సగం అని మహాప్రవక్త (స) ఒప్పందం చేసుకున్నారు. పది కుటుంబాలు కలిసి విత్తనం, ఎరువు ఖర్చు పెట్టి, రైతు శ్రమ పెట్టి, పండిన దానిలో ఇంత వాటా అని ముజారఅత్ చేసుకోవచ్చు. అప్పుడు పండితే అందరికీ, పోతే అందరికీ. అయితే వారానికి ఇన్ని కిలోలు మాకు ఖాయం అని మాత్రం అడగలేరు. ఒకరికి ఖాయపు కొలత పెడితే ఆ ఒప్పందమే చెడుతుంది. మన వైపు మక్తా బస్తాల కౌలు మాట వచ్చినప్పుడు కూడా ఈ ఖైబర్ ఒప్పందం గుర్తుకు తెచ్చుకోదగినదే. పంట మునిగినా బస్తాలు కొలవవలసిన కౌలు రైతు బాధ వేరే వ్యాసానికి సరిపోయే విషయం.

తోటవాడు మన ధర్మం వాడే కానక్కర్లేదు. మహాప్రవక్త (స) పరమపదించే నాటికి ఆయన కవచం బార్లీ అప్పు కింద ఒక యూదుని వద్ద తాకట్టులో ఉంది. పొరుగు వారితో బేరసారాలకు ఇంతకు మించిన ఆధారం ఏం కావాలి? ఎవరితోనైనా కాగితం మాత్రం తప్పనిసరి. చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి విసుగు పడవద్దనే ఖుర్ఆన్ ఆదేశం. మన ఇళ్లలో చాలా చోట్ల మగవారు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటారు. జీతం నెలకొకసారి వస్తుంది, ఇల్లు నడిపేది అమ్మలూ, అత్తలే. వారికి గుమ్మం ముందుకు వచ్చే బుట్ట పెద్ద సదుపాయం. ఆ సదుపాయం మాటల మీద ఉంటే మోసపోయేది కూడా వారే. ఇరవై పేజీల నోటు పుస్తకం ఒకటి పెట్టి, ఇచ్చిన డబ్బు, దిగిన సరుకు, ఆ రోజు ధర రాసి, తోటవాడి చేత సంతకం పెట్టిస్తే చాలు. రమజాన్‌లో కావలసినవి ఎక్కువ ఉంటాయి గనుక అది ఏ రుతువులో వస్తుందో చూసుకుని ముందే చెప్పండి. ఏటా 11 రోజులు వెనక్కి జరిగే నెల అది, తోటవాడికి తెలియకపోవచ్చు.

చివరగా, చాలా మంది అడిగే మరో మాట. మామిడి తోటలు పూత మీదే, ఒక్కోసారి రెండు మూడేళ్లకు కలిపి గుత్తకిచ్చే ఆచారం నూజివీడు వైపు అందరికీ తెలిసిందే. కొబ్బరి తోటల ఫలసాయాన్ని ఏడాదికి పాట పెట్టడం మన వైపూ ఉంది. ఇంకా రాని పంటను అమ్మడం చెల్లదన్నది ఉలమాల ఏకాభిప్రాయం. అనేక సంవత్సరాల ఫలసాయం కలిపి అమ్మడాన్ని మహాప్రవక్త (స) వారించారు. తోట ఉన్న మన సోదరులు దీని బదులు కాయ కనబడి పక్వానికి వచ్చాక దింపు దింపుకు అమ్ముకోవడమో, భాగస్వామ్యానికి ఇవ్వడమో చేయాలి. పూత మీద పాడిన పాటలో వచ్చే మొత్తం కంటే అది కొంత తక్కువ కావచ్చు, కొన్నేళ్లు ఎక్కువా కావచ్చు. మరి అటువంటి గుత్త తోట కాయ బజారులో మన ముందుకు వస్తే కొనవచ్చా? బజారులో దొరికే ప్రతి కాయ పుట్టుపూర్వోత్తరాలు విచారించమని షరీఅత్ మనల్ని అడగలేదు, కొనవచ్చు.